ముగింపు ముందే తెలిసిన ఆటలో వింత ఎక్కడుంటుంది?

ప్రశ్న: నేనూ మా వారూ ఇద్దరమూ ఉద్యోగాలు చేస్తున్నాము. మాకు పదకొండేళ్ల అమ్మాయి, ఆరేళ్ల అబ్బాయి. ఉదయం లేచింది మొదలు రాత్రి పడుకునేవరకు మా ఇంట్లో వినిపించేవి “త్వరగా కానివ్వండి”, “అయిందా లేదా”, “ఇంకా ఎంతసేపు” అన్న మాటలే. కొందరి ఇళ్లలో గోడల నిండా పిల్లల బొమ్మలు, పెద్దలూ పిల్లలూ కలిసి ఆడే ఆటలు చూసినప్పుడు, మా పిల్లలకు ఏదో లోటు చేస్తున్నానన్న బాధ కలిగింది. బొమ్మలు తయారుచేసే కిట్లు కొన్నాను. ఆదివారం సాయంత్రం ఒక గంట కళల కోసం అని నియమం పెట్టాను. కొన్ని వారాలకే అది మరో హోంవర్కుగా మారింది. అమ్మాయి “ఇవన్నీ చిన్నపిల్లల ఆటలు” అంటుంది. అబ్బాయి ఇచ్చిన పని వదిలేసి, ఆ కిట్ వచ్చిన అట్టపెట్టెతో ఆడుకుంటాడు. మా వారేమో “దీనివల్ల ఉపయోగమేమిటి? ఆ గంటసేపు లెక్కలు చేయిస్తే పోయేది కదా” అంటారు. నాకు బొమ్మలు గీయడం రాదు, పాడటం రాదు, కథలు అల్లడం అసలే రాదు. అయినా మా ఇంట్లోకి కాస్త కళను, కాస్త ఆశ్చర్యాన్ని తీసుకురాగలనా?
— పేరు ప్రచురించవద్దని కోరిన పాఠకురాలు

సమాధానం: మీరు ఫిర్యాదుగా రాసిన ఒక వాక్యం దగ్గరే నేను ఎక్కువసేపు ఆగిపోయాను. మీ అబ్బాయి ఇచ్చిన పని వదిలేసి అట్టపెట్టెతో ఆడుకుంటున్నాడని రాశారు. అది మీకు వైఫల్యంగా తోచింది. నాకు మాత్రం, మీరు బయటినుంచి తేవాలనుకుంటున్నది ఆ ఇంట్లో ఇప్పటికే ఉందనడానికి సాక్ష్యంగా తోచింది. కిట్ మూత మీద, చివరకు తయారు కావలసిన వస్తువు ఫోటో అచ్చువేసి ఉంటుంది. దాన్ని చూసిన మరుక్షణమే పిల్లవాడికి రెండు సంగతులు తెలిసిపోతాయి. ఈ ఆట ఎక్కడ ముగియాలో ఎవరో ముందే నిర్ణయించారన్నది ఒకటి, తన చేతులతో చేసేది ఆ ఫోటో అంత బాగా ఎలాగూ రాదన్నది రెండవది. అట్టపెట్టెకు అటువంటి ఫోటో లేదు. అది ఓడ కావచ్చు, దుకాణం కావచ్చు, లోపల ముడుచుకుని కూర్చుని ఎవరితోనూ మాట్లాడకుండా ఉండటానికి దొరికిన చోటు మాత్రమే కావచ్చు. మధ్యలో మనసు మారితే తప్పు పట్టేవారెవరూ ఉండరు. ఆట ఎటు పోతుందో ఆడేవాడికే తెలియనప్పుడు పుట్టే ఉత్సాహం ఒకటుంది. మీ ఆదివారపు గంటలో లోపించినది అదే తప్ప మీ శ్రద్ధ కాదు, మీ పిల్లల ఆసక్తీ కాదు.

“నాకు బొమ్మలు గీయడం రాదు” అన్న మీ దిగులుకు కూడా ఇక్కడే జవాబు ఉంది. చిత్రకళను పద్ధతిగా అభ్యసించని రవీంద్రనాథ్ ఠాగూర్ తన రాతప్రతుల్లో కొట్టివేసిన మాటలను అలాగే వదిలేయలేక, ఆ కొట్టివేతల గీతలను ఒకదానితో ఒకటి కలుపుతూ పోయేవారు. అవి క్రమంగా వింత పక్షులుగా, ఎక్కడా లేని జంతువులుగా, ముఖాలుగా మారేవి. ఆ అలవాటే పెరిగి పెద్దదై, 1930లో, దాదాపు డెబ్బై ఏళ్ల వయసులో, పారిస్‌లో ఆయన చిత్రాల తొలి ప్రదర్శన జరిగేంతవరకు వెళ్లింది. అదే కుటుంబానికి చెందిన అవనీంద్రనాథ్ ఠాగూర్ మాటకొస్తే, ఆయన పేరుపొందిన చిత్రకారుడు. అయినా జీవితపు చివరి దశలో కుంచెను కాస్త పక్కనపెట్టి, ఎండుకొమ్మలు, వేళ్లు, కర్రముక్కలు ఏరి తెచ్చి, వాటి వంపులో ఏ జీవి దాగి ఉందో చూసి, స్వల్పమైన మార్పులతో బొమ్మలుగా నిలబెట్టారు. వారికంటే ఎన్నో శతాబ్దాల ముందు లియొనార్డో డావిన్చీ కూడా మరకలు పడిన గోడలను ఓపికగా చూడమని, వాటిలో కొండలు, నదులు, యుద్ధాలు, ముఖాలు కనిపిస్తాయని చిత్రకారులకు సలహా ఇచ్చాడు. ఈ ముగ్గురి విషయంలోనూ చేతికంటే ముందు పనిచేసినది కన్ను. గీయడం రానివారికి కూడా చూడటం వస్తుంది. గోడ మీద చెమ్మ మరకను చూపించి “ఇది నాకు పడుకున్న ఒంటెలా ఉంది, నీకో?” అని అడగడానికి ఏ శిక్షణా అక్కరలేదు. అడిగిన తర్వాత మాత్రం మీ ఒంటెను బలవంతంగా వారికి చూపించవద్దు.

ఆదివారపు గంటను రద్దు చేయండి. రద్దు చేస్తున్నామని ప్రకటించనవసరం కూడా లేదు, ఊరికే జరగనివ్వకండి. (సంగీతమో, నాట్యమో, చిత్రకళో పద్ధతిగా నేర్చుకునేవారికి నియమిత సమయం, రోజువారీ సాధన తప్పవు. అది వేరే విషయం. మీరు అడిగినది అది కాదు.) ఆశ్చర్యం అపాయింట్‌మెంట్ ప్రకారం రాదు. ఇంటి పనుల మధ్య మిగిలే సందుల్లో వస్తుంది: ఉతికిన బట్టలు మడతపెట్టేటప్పుడు, బండి కోసం ఎదురుచూసేటప్పుడు, కరెంటు పోయినప్పుడు, ఒకరు స్నానం ముగించి వచ్చేవరకు మరొకరు ఖాళీగా నిలబడినప్పుడు. ఆ సందులన్నింటినీ మీరు ఇప్పుడు “త్వరగా కానివ్వండి” అన్న మాటతో పూడుస్తున్నారు. నేను మిమ్మల్ని తప్పుపట్టడం లేదు. ఇద్దరూ ఉద్యోగాలు చేసే ఇంట్లో ఆ మాట అనకుండా తెల్లవారదు. కానీ రోజుకు ఒక్క సందునైనా పూడ్చకుండా వదిలేయడం మీ చేతిలో ఉంది.

ఆ సందులో ఏం చేయాలని అడుగుతారు. గిన్నెలు కడిగేటప్పుడు లేచే సబ్బు బుడగతోనే మొదలుపెట్టవచ్చు. తడిపిన గాజుగ్లాసును బోర్లించి, దాని మీద ఒక పెద్ద బుడగను నిలబెట్టి, గాలి తగలకుండా చూస్తూ ఉండండి. సబ్బు నీటి పొర లోపలి తలం నుంచీ, బయటి తలం నుంచీ వెనుదిరిగిన వెలుగు కలిసినప్పుడు ఆ రంగులు పుడతాయి. నీరు కిందికి జారి పొర పలచబడేకొద్దీ రంగులు మారుతూ పోతాయి. చివరకు పైభాగంలో ఒక నల్లని మచ్చ కనిపిస్తుంది. అక్కడ పొర ఎంత పలచబడిందంటే, దాని నుంచి వెలుగు దాదాపుగా వెనక్కి రాదు. ఆ తర్వాత కొద్దిసేపటికి బుడగ పగిలిపోతుంది. న్యూటన్ అంతటివాడు ఈ నల్లమచ్చను పట్టి పట్టి చూసి, 1704లో వెలువడిన తన గ్రంథంలో వర్ణించాడు. మీ అబ్బాయికి న్యూటన్ పేరు చెప్పనక్కరలేదు. నల్లమచ్చ వచ్చినప్పుడు “ఇక పగులుతుంది చూడు” అని జోస్యం చెప్పి, అది నిజమైనప్పుడు ఏమీ ఎరగనట్టు ఉండండి చాలు.

బాగా ఎండ కాసే సెలవురోజున ఇంకొంచెం పెద్ద పని ఉంది. ఒక గది కిటికీలను మందపాటి అట్టలతో పూర్తిగా మూసివేసి, ఎండలో వెలిగే చెట్లో భవనాలో ఎదురుగా ఉన్న కిటికీకి పెట్టిన అట్టలో పెన్సిలు పట్టేంత రంధ్రం ఒకటి చేయండి. చీకటికి కళ్లు అలవాటు పడేవరకు కొన్ని నిమిషాలు మాట్లాడకుండా కూర్చోండి. ఆ తర్వాత ఎదుటి గోడ మీద, బయటి ప్రపంచం తలకిందులుగా, రంగులతో సహా కనిపించడం మొదలవుతుంది: చెట్టు కొమ్మలు నేలవైపుకు ఊగుతాయి, దారిన పోయే మనుషులు పైకప్పుకు దగ్గరగా తలకిందులుగా నడుస్తారు. గోడ దూరంగా ఉండి బొమ్మ మసకగా ఉంటే, తెల్లకాగితాన్ని రంధ్రానికి దగ్గరగా పట్టుకోండి. రంధ్రాన్ని పెద్దది చేస్తే బొమ్మ వెలుగు పెరుగుతుంది, స్పష్టత తగ్గుతుంది. ఈ సంగతి కూడా వారే కనిపెట్టవచ్చు. వెలుగు సరళరేఖల్లో ప్రయాణిస్తుంది కనుక పైనుంచి వచ్చినది రంధ్రం గుండా కిందికీ, కిందినుంచి వచ్చినది పైకీ పోతుంది. ఉన్న రహస్యమంతా ఇంతే. సుమారు వెయ్యేళ్ల కిందట ఇబ్న్ అల్ హైతమ్ అనే అరబ్ శాస్త్రజ్ఞుడు ఈ చీకటిగది సంగతిని శ్రద్ధగా పరిశీలించి రాశాడు. దీన్ని ఒకసారి చూసిన పిల్లలు చెట్టు నీడలో నేలపై పడే గుండ్రని వెలుగుచుక్కలను మునుపటిలా చూడలేరు. ఆకుల మధ్య సందులు నానా ఆకారాల్లో ఉన్నా చుక్కలు మాత్రం గుండ్రంగానే ఉండటానికి కారణం, అవి ఒక్కొక్కటీ సూర్యుడి ప్రతిబింబాలు కావడమే. పాక్షిక సూర్యగ్రహణం రోజున అవన్నీ నెలవంకలుగా మారిపోతాయి. రంధ్రం గుండా గానీ, మరే విధంగా గానీ సూర్యుడి వైపు నేరుగా చూడకూడదన్న ఒక్క నియమాన్ని మాత్రం గట్టిగా చెప్పండి.

రాత్రిపూట అయితే చందమామ ఉన్నాడు. నిండు చంద్రుడు ఉదయించేటప్పుడు చాలా పెద్దగా, నడినెత్తికి చేరాక చిన్నగా కనిపిస్తాడని అందరికీ తెలుసు. ఒక కాగితాన్ని సన్నని గొట్టంలా చుట్టి అందులోంచి చూస్తే, ఉదయించే చంద్రుడు కూడా ఉన్నట్టుండి చిన్నవాడైపోతాడు. నిజానికి రెండు వేళల్లోనూ అతడు ఆకాశంలో ఆక్రమించే వెడల్పు ఇంచుమించు ఒకటే, అర డిగ్రీ. చాచిన చేతి చిటికెనవేలు చాలు, పూర్తిగా మూసేస్తుంది. మరి మన మెదడు ఎందుకు మోసపోతోంది? దీనికి ఈనాటికీ శాస్త్రజ్ఞులందరూ ఒప్పుకున్న ఒకే వివరణ లేదు. ఈ మాట పిల్లలకు తప్పక చెప్పండి. ప్రశ్న అడిగిన ప్రతిసారీ పెద్దల దగ్గరో, తెరమీదో జవాబు సిద్ధంగా ఉండే కాలంలో పెరుగుతున్న పిల్లలకు, ఎవరికీ తేలని ప్రశ్న ఒకటి రోజూ తమ నెత్తిమీదుగా పోతోందని తెలియడం చిన్న సంగతి కాదు.

ఇక్కడ మీకు ఒక ప్రలోభం ఎదురవుతుంది. చదువు మీద శ్రద్ధ ఉన్న తల్లిదండ్రులందరికీ ఎదురవుతుంది. బుడగ పగిలిన వెంటనే “దీన్నుంచి ఏం తెలుసుకున్నావు?” అని అడగాలనిపిస్తుంది. ఆ ప్రశ్నతో వింత కాస్తా పరీక్ష అయిపోతుంది. వివరణ వద్దని నేననడం లేదు. పైన నేను రాసినవన్నీ వివరణలే. వాళ్లు అడిగినప్పుడు, అడిగినంత మేరకే ఇవ్వండి. మీకు తెలియనిది అడిగితే “నాకూ తెలియదు, చూద్దాం” అనండి. అన్నీ తెలిసిన మనిషి పక్కన కూర్చున్నంతసేపు పిల్లలకు కనిపెట్టడానికి ఏమీ మిగలదు. అలాగే వాళ్లు ఏదైనా గీసి తెచ్చినప్పుడు “ఇదేమిటి?” అనీ అనవద్దు, చూడకుండానే “చాలా బాగుంది” అనీ అనవద్దు. మొదటి మాట పోల్చుకోలేకపోయామని చెబుతుంది, రెండవది మాకు తీరిక లేదని చెబుతుంది. “దీని సంగతి చెప్పు” అని కూర్చుంటే చాలు, బొమ్మలో లేని కథ కూడా బయటికి వస్తుంది. ఫోటో తీసి అందరికీ పంపించడం కూడా కొంతకాలం ఆపితే మంచిదని నా అభిప్రాయం. ఎవరో చూస్తారన్న ఎరుక కలిగితే, అట్టపెట్టెకు కూడా మూత మీద ఫోటో వచ్చి చేరుతుంది.

ఇక కథలు అల్లడం రాదన్నారు. కథ అక్కరలేదు, నిష్కారణమైన ఒక చిలిపి పని చాలు, కానీ దాన్ని నవ్వకుండా చేయాలి. ఒక ఉదయం గోడగడియారం కింద ఒక చీటీ అంటించండి: “ఈ ఇంట్లో అందరూ నన్ను కోపంగానే చూస్తున్నారు. ఇప్పటివరకు ఒక్కరు కూడా ‘బాగున్నావా’ అని అడగలేదు. ఇట్లు, గడియారం.” అది ఎవరు రాశారని అడిగితే మీకేమీ తెలియదు. జోడు తప్పిన మేజోడు కోసం “కనబడుటలేదు” అన్న ప్రకటన తలుపు మీద వెలిస్తే, గుర్తులు, చివరిసారి చూసిన చోటు, తెచ్చి ఇచ్చినవారికి బహుమానం అన్నీ పద్ధతి ప్రకారం ఉండాలి. ఇందులో హాస్యమంతా ఆ గాంభీర్యంలోనే ఉంటుంది. “చూడండి, ఎంత సరదాగా ఉందో” అన్నారంటే అక్కడితో సరి. పెద్దలు పెద్దరికం పోతుందని సంకోచించే చోటు ఇదే. చిత్రకారుడు పాల్ క్లే సంకోచించలేదు. 1916లో కొడుకు ఫెలిక్స్ తొమ్మిదవ పుట్టినరోజుకు చేతికి తొడుక్కునే తోలుబొమ్మల్లాంటివి చేసి ఇచ్చి, అది మొదలు 1925 వరకు సుమారు 50 బొమ్మలు చేశాడు. పాతబట్టలు, అగ్గిపెట్టెలు, ఎముకలు, చివరికి ఒక విద్యుత్ సాకెట్ కూడా ఆ బొమ్మల తలల్లో, ఒళ్లలో కలిసిపోయాయి. ఆయన భార్య పియానో పాఠాలు చెప్పి ఇల్లు నడిపిన తొలి సంవత్సరాల్లో, బిడ్డను చూసుకుంటూ ఇంటి దగ్గర ఉన్నది ఆయనే.

మీ అమ్మాయి సంగతి వేరు. పదకొండేళ్ల వయసులో “చిన్నపిల్లల ఆటలు” అన్నదంటే, ఆమె చెప్పినది నిజమే; కిట్ నిజంగానే చిన్నపిల్లలది. ఈ వయసులో పిల్లలు తమ బొమ్మను నిజమైన వస్తువుతో పోల్చి చూసుకుని, పోలిక కుదరలేదని గీయడమే మానేస్తుంటారు. ఆమెను రమ్మని బతిమాలకండి. ఆమెకు కావలసినది పెద్దవాళ్ల పనిముట్లు, పెద్దవాళ్లు ఇచ్చే గౌరవం: అసలైన సూదీ దారం, మంచి కత్తెర, పాడైపోయి విప్పి చూడటానికి పనికివచ్చే ఒక యంత్రం (కరెంటు తీగ తీసేసిన తర్వాత), ఎవరూ తెరవకూడని ఒక నోటుపుస్తకం. తెరవకూడదన్న మాటను మీరు కూడా పాటించాలి. ఇంకొక ఉపాయం ఉంది. గడియారం చీటీకి తమ్ముడు జవాబు రాస్తే, గడియారం తరఫున తిరుగు జవాబు రాసే బాధ్యతను రహస్యంగా ఆమెకు అప్పగించండి. ఆడమంటే రాని పిల్లలు, ఆట వెనక ఉండి నడిపించమంటే వస్తారు. రాకపోతే వదిలేయండి. ఎగతాళి చేస్తూ పక్కన నిలబడటం కూడా ఆ వయసుకు ఒక విధమైన పాల్గొనడమే.

స్థలం గురించి ఒక్క మాట. ఒక అరనో, మంచం కిందనో, బల్ల మూలనో సగంలో ఆగిన వస్తువు రేపటివరకు అలాగే ఉండగలిగే చోటు ఒకటి ఇవ్వండి. రోజూ రాత్రికల్లా ఇల్లంతా సర్దేయాలన్న పట్టుదల ఉన్న ఇంట్లో ఏ ఓడా పూర్తి కాదు.

అన్నిటికంటే కష్టమైన విషయం మీ అలసట. ఉత్తరంలో మీరు దాని గురించి నేరుగా రాయలేదు గానీ ప్రతి వాక్యం వెనకా అది ఉంది. ఇంట్లో రేపు ఏమేమి కావాలో, ఏది అయిపోయిందో, ఎవరిని ఎక్కడికి ఎప్పుడు పంపాలో నిరంతరం లెక్కవేస్తున్న మనసుకు బుడగ మీది నల్లమచ్చ కనిపించదు. కనిపించాలని ఆశించడం అన్యాయం కూడా. కనుక ఆశ్చర్యపరచడాన్ని మీ పనుల జాబితాలో మరొక పనిగా చేర్చకండి. జాబితాలోంచి కొన్నింటిని మీ వారి పేరిట మార్చండి. అడిగినప్పుడు సాయం చేయడం చాలదు. కొన్ని పనులను గుర్తుపెట్టుకోవడంతో సహా ఆయనే పూర్తిగా స్వీకరించాలి. ఇది కళలకు సంబంధించిన సలహా కాదని మీకు అనిపించవచ్చు. నా దృష్టిలో ఈ సమాధానం మొత్తంలో ముఖ్యమైన సలహా ఇదే.

ఇక ఆయన అడిగిన “ఉపయోగమేమిటి” అన్న ప్రశ్న. అది అడగరాని ప్రశ్నేమీ కాదు. కళల వల్ల లెక్కల్లో మార్కులు పెరుగుతాయని మీరు వాదించవద్దు. ఆ వాదనకు దిగితే, పెరగని రోజున ఆట ఆగిపోతుంది. 1989లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన బాలల హక్కుల ఒడంబడికలో చదువుకునే హక్కు 28వ అధికరణంలో ఉంది. విశ్రాంతి, ఆటలు, కళల్లో పాలుపంచుకునే హక్కు విడిగా 31వ అధికరణంలో ఉంది. ఆడుకోవడం బాగా చదివినందుకు ఇచ్చే బహుమతి కాదని, అది దానంతట అదే బిడ్డకు దక్కవలసినదని ఈ ఏర్పాటు చెబుతోంది. అయితే అధికరణాలు చూపించి ఇంట్లో ఎవరినీ ఒప్పించలేమని మీకూ తెలుసు. ఆయనకు లెక్కల మీద ఉన్న మక్కువనే వాడుకోండి. పొడవైన కాగితపు పట్టీని తీసుకుని, ఒక చివరను సగం మెలితిప్పి రెండో చివరకు అంటించి ఆయన చేతికి ఇవ్వండి. 1858లో మోబియస్, లిస్టింగ్ అనే ఇద్దరు జర్మన్ గణితజ్ఞులు విడివిడిగా వర్ణించిన ఈ పట్టీకి ఒకే తలం, ఒకే అంచు ఉంటాయి. పెన్సిలుతో మధ్యన గీత గీస్తూ పోతే, కాగితం నుంచి పెన్సిలు ఎత్తకుండానే రెండు వైపులా గీత పడి మొదలుపెట్టిన చోటికి వచ్చి చేరుతుంది. ఆ గీత వెంబడి కత్తిరిస్తే రెండు పట్టీలు వస్తాయని అందరూ అనుకుంటారు. రెట్టింపు పొడవున్న ఒకే పట్టీ వస్తుంది. ఇప్పుడు అటువంటిదే ఇంకొకటి చేసి, ఈసారి మధ్యలో కాకుండా అంచు నుంచి మూడోవంతు దూరంలో కత్తిరించమని ఆయనను అడగండి. ఏమవుతుందో నేను ఇక్కడ రాయను. కత్తెర పెట్టేముందు నలుగురూ ఎవరి ఊహ వారు చీటీల మీద రాసి మడిచి పెట్టండి. మీరు కూడా, ముందుగా ఎక్కడా వెతికి చూడకుండా.